నీలం నూలు నడుస్తున్న రోజులు

చేయవలసినవి ఇవి. నిన్న ఇంక్యుబేటర్‌లో పెట్టిన ప్లేట్ల మీద ఏం పెరిగిందో తీసి చూడాలి. పిల్లల వార్డు నుంచి వచ్చిన, ముక్కులో తిప్పి తీసిన దూది పుల్లలన్నిటికీ ఫ్లూ పరీక్ష పెట్టాలి. స్లైడ్లకు వేసే ఊదారంగు సీసా అడుగంటింది, నింపాలి. ఫ్రిజ్ తలుపు సరిగా పడటం లేదని మళ్ళీ చెప్పాలి, ఇంతకు ముందు కూడా చెప్పానని గుర్తు చేయాలి. పై వార్డుకి ఫోన్ చేసి, ఉమ్మిని కఫం అని పంపవద్దని మర్యాదగా, గొంతులో విసుగు తెలియకుండా చెప్పాలి. బావ పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నాడో లేదో కనుక్కోవాలి. అక్క కఫం పెట్టెలో పెట్టాలి.

ఆఖరిది ముందు చేశాను. పెట్టె అని మేము పిలిచేది మా ఆసుపత్రి ల్యాబులో ఈ బల్ల మీది తెల్ల యంత్రాన్ని. కఫాన్ని చిన్న కార్ట్రిడ్జిలో పోసి లోపలికి తోస్తే, అందులో ఏయే వైరస్‌లున్నాయో, ఏయే బ్యాక్టీరియా ఉన్నాయో, ఏ మందుకు లొంగనివి ఉన్నాయో అన్నీ ఒకేసారి వెతుకుతుంది. గంటకు కాస్త అటూ ఇటూ. ఆ గంటలో మనిషి చేయగలిగింది ఏమీ లేదు, మిగతా పనులు చేసుకోవడం తప్ప. చేతులు చేస్తూనే ఉన్నాయి. ఒక చేయి ప్లేటు మూత తీస్తోంది, ఇంకో చేయి దీపం కిందికి వంచుతోంది. మనసు మాత్రం మెట్లెక్కి పై వార్డుకి పోయి, కిటికీ పక్క మంచం దగ్గర నిలబడి ఉంది. అక్క అక్కడ ఉంది, ముక్కు మీద ఆక్సిజన్ మాస్కుతో. ఆమెకు ఫ్లూ అని వచ్చిన రోజే తేలింది. ఫ్లూ మందు ఇస్తున్నారు, దానితో పాటు న్యుమోనియాకి అందరికీ ఇచ్చే మామూలు యాంటీబయాటిక్ కూడా ఇస్తున్నారు. అయినా ఎక్స్‌రేలో ఊపిరితిత్తి అడుగున ఉన్న తెల్లదనం పైకి పాకుతోంది, గోడకు చెమ్మ పాకినట్టు. ఫ్లూ కాక ఇంకేదో ఉంది లోపల. అదేమిటో ఈ పెట్టె చెప్పాలి. చెబితే మందు మారుతుంది. మందు మారితే అక్క ఉంటుంది. ఇంతే విషయం.

మా సీనియర్ టెక్నీషియనమ్మ అంటుంది, ఇది కాలం కాదమ్మా, రబ్బరు ముద్ర అని. ఈ నెలల్లో దగ్గుతూ వచ్చిన వాళ్ళందరి మీదా ఫ్లూ అనే ముద్ర పడుతుంది. అబద్ధం కాదు, నిజంగానే ఉంటుంది ఫ్లూ. కానీ పేరు ఒకటి దొరికిందంటే వెతకడం ఆగిపోతుంది. ఫ్లూ చాలాసార్లు తలుపు గడియ తీసి తన దారిన తాను పోతుంది, ఆ తీసిన తలుపులోంచి వచ్చేది వేరే. వచ్చింది ఎవరో కనుక్కోవడం మా పని. న్యుమోనియా అనేది ఒక జబ్బు పేరు కాదు, ఊపిరితిత్తి నిండిపోయిందని చెప్పే మాట. దేనితో నిండింది, ఎవరు నింపారు అనేది వేరే ప్రశ్న. ఇది నేను చదువుకున్న చోట మొదటి రోజే చెప్పారు. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేను. ఏది చెబితే అది అక్షరం పొల్లు పోకుండా నమ్మి రాసుకున్నాను.

పెట్టె లోపల చిన్న పంపు ఉంది. ద్రవాన్ని ఒక అరలోంచి ఇంకో అరలోకి పీల్చినప్పుడల్లా చుప్ మంటుంది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు విన్నాను, వినలేదు. ఈ రోజు ప్రతి చుప్‌కీ నా భుజాలు బిగుసుకుంటున్నాయి. ఆ చప్పుడు నాది. పాలు తాగే వయసు నుంచి నాది. మరమగ్గాల షెడ్డులో, అమ్మ మగ్గం పక్కన గుడ్డ చుట్టల మీద కూర్చుని, అంత మోతలోనూ ఆ చుప్ వినపడేదా అంటే వినపడేది కాదేమో, కంటితో వినేదాన్నేమో. నాడె అంటే పడవ ఆకారంలో ఉండే చెక్క. దాని కడుపులో నూలు చుట్టిన కండె ఉంటుంది. నాడె మగ్గంలో ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెడుతుంటే నూలు అల్లుకుంటూ పోతుంది. కండె అయిపోగానే కొత్తది పెట్టాలి. పెట్టి, దాని దారం కొసని నాడె పక్కన ఉన్న సన్న కంతలోంచి బయటికి తేవాలి. వేళ్ళతో రాదు. కంతకు పెదాలు ఆనించి ఒక్క గుక్క పీలిస్తే దారం నోట్లోకి వస్తుంది. చుప్. దాన్ని పళ్ళతో పట్టి లాగి, నలక ఉమ్మేసి, నాడె వేసి, మగ్గం నడిపేస్తారు. రోజంతా అదే. అమ్మ నాకు ముద్దు పెట్టిన వాటికంటే నాడెకు పెట్టినవే ఎక్కువ అని నాన్న ఏడిపించేవాడు. అమ్మ మగ్గం ఆపకుండానే పెదాలతో ఏదో అనేది, నాన్న సిగ్గుపడి వెళ్ళిపోయేవాడు. ఆ మోతలో మాటలు వినపడవు కాబట్టి షెడ్డులో అందరూ పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పటికీ నేను మనుషుల కళ్ళలోకి చూడనని, నోటికేసి చూస్తానని మా డాక్టర్లు అనుకుంటారు.

దమ్ము పెద్దమ్మ. ఇప్పుడు వద్దు. ప్లేటు చూడు. ఈ ప్లేటు మీద ఏమీ పెరగలేదు, రాయి. ఈ ప్లేటు మీద నోట్లో మామూలుగా ఉండేవే, రాయి. దమ్ము పెద్దమ్మ ఎవరికీ పెద్దమ్మ కాదు, షెడ్డుకి పెద్దమ్మ. ఎండిన పుల్లలా ఉండేది మనిషి. గుక్క మాత్రం పహిల్వాన్‌ది. ముందు పళ్ళ మధ్య సందు ఉండేది, దారం నేరుగా అందులోంచి వచ్చి వేలాడేది, మనం తీసుకోవడమే తరువాయి. కొత్తగా పనిలో చేరిన వాళ్ళు కంతకు పెదాలు ఆనించి బుగ్గలు లోపలికి పోయేదాకా పీల్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, దారం రాక నిలబడితే, పెద్దమ్మ వచ్చి నాడె లాక్కుని ఒక్క చుప్. "పో, నడుపుకో. మొగుడి మీద అరవడానికన్నా కాస్త దమ్ము దాచుకో" అనేది. రంగునూలు నడిచే రోజుల్లో ఆ రంగు ఆమె పెదాలకి ఎక్కేది. ఎరుపు నడుస్తుంటే తాంబూలం వేసుకున్నట్టు ఉండేది, పచ్చ నడుస్తుంటే చూడలేకపోయేవాళ్ళం. ఈ వారం షెడ్డులో ఏ రంగు అని తెలుసుకోవాలంటే గోదాము దాకా పోనక్కర్లేదు, పెద్దమ్మ మూతి చూస్తే చాలు. నేను కాలేజీలో చేరాక నా పేరు పోయింది. "ఏమే కాలేజీ, మీ పుస్తకాల్లో నా గురించి ఏమన్నా రాశారా?" అని అడిగేది. రాయలేదు పెద్దమ్మా అనేదాన్ని. "మరి ఏం చదువులే అవి."

ఇందాక అక్క దగ్గర నుంచి వచ్చిన మొదటి సీసాని నేనే వద్దన్నాను. స్లైడు మీద చూస్తే అంతా బుగ్గల లోపలి చర్మం కణాలే, నీటి మీద తేలే ఆకుల్లా పలచగా, వెడల్పుగా. చీము కణాలు లేవు. అంటే అది ఊపిరితిత్తి నుంచి రాలేదు, నోట్లోంచి వచ్చింది. ఉమ్మి. "మీ అక్కదే కదమ్మా, పెట్టేద్దాం" అంది టెక్నీషియనమ్మ. పెట్టేస్తే పెట్టె ఏదో ఒకటి చెబుతుంది, నోట్లో లేనిదేముంది గనక. ఆ చెప్పింది నమ్మి మందు ఇస్తారు. వద్దని సీసా పారేసి, మాస్కు కట్టుకుని నేనే పైకి వెళ్ళాను. అక్క నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది, ఏంటే నువ్వొచ్చావు అన్నట్టు. చిన్నప్పుడు నా జడ వేసేటప్పుడు కూడా అలాగే ఎగరేసేది, కదలకు అని. వెన్ను కింద చెయ్యి పెట్టి లేపి కూర్చోబెట్టాను. లోపల్నుంచి దగ్గి తీయమంటే గొంతు దగ్గరే దగ్గుతోంది, నొప్పికి భయపడి. ఎలా చెప్పాలో తోచలేదు. తర్వాత తోచింది, అక్కదీ ఆ షెడ్డులో మగ్గం పనే కదా.

"దారం లాగేటప్పుడు పీలుస్తావు చూడు, అలా పీల్చు అక్కా. గుక్క నిండా లాగి అప్పుడు దగ్గు."

అక్క నవ్వబోయింది, నవ్వు దగ్గయింది. ఒక్కో మాటకీ ఆగుతూ అంది, "నేను లాగి... ఎన్నాళ్ళయిందే... అందరికీ పెద్దమ్మే లాగుతోంది."

"ఎందుకని?"

"జ్వరాలు కదా... ఎవరికీ గుక్క చాలట్లేదు... దానికొక్కదానికే జ్వరం రాలేదు." కాసేపు కళ్ళు మూసుకుని, "ఎలా ఉందే ముసల్ది? నా మగ్గం కూడా... అదే చూసుకుంటోందేమో."

"బాగానే ఉండి ఉంటుంది. నువ్వు ముందు పీల్చు."

పీల్చింది. చుప్ మని వినపడిందా నాకు, లేక అనుకున్నానా. దగ్గింది. సీసాలో పడింది తుప్పు రంగులో, చిక్కగా. అదీ కఫం. నాకు సంతోషం వేసింది. అక్క నొప్పితో మంచం పట్టీ పట్టుకుని ఉంటే, మంచి నమూనా వచ్చిందని నాకు సంతోషం వేసింది. ఉద్యోగం మనిషిని ఇలా చేస్తుంది. సీసా మూత బిగించి మెట్లు దిగి వచ్చాను. ఆ దిగుతున్నప్పుడు అక్క అన్న మాట నా వెనకే దిగింది. అందరికీ పెద్దమ్మే లాగుతోంది. ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి, నాతో పాటే లోపలికి వచ్చి, ఆ సింకు పక్క స్టూలు మీద కూర్చుంది. ఇంకా అక్కడే ఉంది.

ఊదారంగు వేసి స్లైడు చూశాను. నిండా చీము కణాలు, వాటి మధ్య గుండ్రటి చిన్న చుక్కలు, గుత్తులు గుత్తులుగా. ద్రాక్షగుత్తి అంటాము మేము. స్టాఫిలోకాకస్ దాని అసలు పేరు. చాలామంది ముక్కులో ఊరికే కాపురం ఉంటుంది, ఎవరినీ ఏమీ అనదు. ఫ్లూ గడియ తీసిన ఊపిరితిత్తిలోకి దిగితే మాత్రం చాలా తొందరగా పని ముగిస్తుంది. వార్డు డాక్టరుకి వెంటనే ఫోన్ చేశాను. ఆయన మంచివాడు, నిద్రలేని గొంతుతో కూడా సరిగా వింటాడు.

"గుత్తులు కనిపిస్తున్నాయి సర్. బాగా ఉన్నాయి."

"నోట్లోవి, ముక్కులోవి కలిసి ఉండవచ్చు కదా?"

"ఉండవచ్చు. కానీ ఇది మంచి కఫం సర్."

"మామూలు మందుకు లొంగేదైతే ఇప్పుడిచ్చేది చాలు. లొంగనిదైతే ఆ పెద్ద మందు పెట్టాలి. ఆ మందు కిడ్నీల మీద పడుతుంది, ఈమె కిడ్నీలు అప్పుడే అంతంత మాత్రంగా ఉన్నాయి. ఒక్క గంట చూద్దాం. పెట్టె మాట రాగానే చేయండి, నేనిక్కడే ఉంటాను."

అలా ఈ గంట వచ్చింది.

నమూనాలు తీసుకునే కిటికీ మీద ఎవరో గోటితో కొట్టారు. బావ. షెడ్డులో మగ్గాలు బాగుచేసే ఫిట్టరు మా బావ. చేతులకి ఎప్పుడూ నూనె మరకలే. ఈ రోజు చేతులు శుభ్రంగా ఉండటం చూస్తేనే భయమేసింది.

"ఏమన్నా తిన్నావా బావా?"

"టీ తాగాను. మీ ఆసుపత్రి టీ తాగితే ఆకలి దానంతట అదే పారిపోతుంది, ఇంక తిండెందుకు." కిటికీలోంచి మెడ సాచి లోపలికి చూశాడు. "నీ పెట్టె ఏమంటోంది మరదలా?"

"ఇంకా ఏమీ అనలేదు."

"మీ అక్క జాతే. ముందు నోరు విప్పదు, విప్పితే ఆపలేము."

ఇద్దరం నవ్వాము. షెడ్డులో ఇంకెవరికైనా ఇలా ఆయాసంగా ఉందా అని అడిగాను. జ్వరాలు షెడ్డంతా ఉన్నాయన్నాడు. ఆయాసం మాత్రం గోడ పక్క వరసలోనే, అక్క పక్క మగ్గాల వాళ్ళకే, ఇద్దరు ముగ్గురికి. "మేమేం అశ్రద్ధ చేయలేదు. ఎవరి గ్లాసు వాళ్ళదే. మూతికి గుడ్డ కట్టుకున్నాం. కట్టుకుంటే ఒకరి మాట ఒకరికి కనపడదు కదా, మాట్లాడాలంటే కిందికి లాగేవాళ్ళం, అదొక్కటే. జ్వరం ఉన్నవాళ్ళు నాడె నోట పెట్టొద్దన్నాం. జ్వరం లేనిది పెద్దమ్మ ఒక్కతే, మీ వరస అంతటికీ నేను లాగుతాలే అంది."

"నాడెలు అందరివీ?"

"అందరివీ." నా మొహం చూసి, "పనిముట్టుకి ఎంగిలేంటి? నువ్వు మాత్రం లాగలేదా చిన్నప్పుడు?" అన్నాడు.

లాగాను. నిజమే. ఒకరి గ్లాసు ఇంకొకరు ముట్టని వాళ్ళం, తుడిచి ఇచ్చినా తాగని వాళ్ళం, ఒకరు పీల్చిన నాడెను వెంటనే ఇంకొకరం పీల్చేవాళ్ళం. అది నోరు అని ఎవరికీ తోచలేదు. చేతికి చెయ్యి సాయం అన్నట్టుగానే ఉండేది అది. సబ్బు పెట్టి చేతులు కడుక్కునే షెడ్డు, గ్లాసుల మీద రంగు చుక్కలతో గుర్తులు పెట్టుకునే షెడ్డు, జాగ్రత్తలన్నీ తీసుకుని ఆ ఒక్కదాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"పెద్దమ్మకి చెప్పు బావా, ఇక నోటితో లాగొద్దని. ఆమెను కూడా ఒకసారి ఇక్కడికి తీసుకురా, చూస్తాను."

బావ కిటికీ చెక్క మీద గోటితో గీస్తూ ఉండిపోయాడు. "నీకెవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. ఎవరు చెబుతారు, నేనిక్కడ పగలూ రాత్రీ పుల్లలు ముంచుకుంటూ కూర్చుంటే. మొన్న పోయింది పెద్దమ్మ. అక్కని ఇక్కడ చేర్చాక ఒక సాయంత్రం కాస్త నీరసంగా ఉందని వెళ్ళి పడుకుందట. మర్నాడు పక్కింటి వాళ్ళు వెళితే దగ్గుతోందట. ఫ్లూ అందరికీ వచ్చిందే కదా, ఆమెకీ వచ్చింది, పడుకుంటే పోతుంది అనుకున్నారట. బావ కూడా వెళ్ళి చూశాడు. "మాట్లాడింది నాతో. మగ్గం బెల్టు వదులైంది చూడరా అంది. ఆయాసపడుతోంది గానీ మాట్లాడింది. పెదాలు నీలంగా ఉన్నాయి." కిటికీ మీద గీయడం ఆపాడు. "నీలం నూలు నడుస్తోంది కదా అనుకున్నాను."

మా వాళ్ళకు తప్ప లోకంలో ఇంకెవరికీ రాని అనుమానం అది. ఇంకెవరైనా అయితే ఆ పెదాలు చూసి పరుగెత్తేవారు. ఒంట్లో గాలి చాలక నీలమెక్కిన పెదాలను మేము మాత్రమే రంగు అనుకుంటాము. ఏళ్ళ తరబడి ఆమె మూతి చూసి గోదాము సంగతి చెప్పిన వాళ్ళం, ఆ రోజు కూడా అదే చెప్పుకున్నాము. నేను ఉన్నా అలాగే అనుకునేదాన్నేమో. ఇంత చదివినా అనుకునేదాన్నేమో. తెలియదు. తెలియకపోవడం కూడా స్టూలు మీద కూర్చుని నావైపు చూస్తోంది.

"మీ అక్కకి చెప్పలేదింకా," అన్నాడు బావ. "నువ్వూ చెప్పకు."

"అడిగింది నన్ను. బాగానే ఉండి ఉంటుందన్నాను."

"మంచిపని చేశావు" అని కళ్ళు తుడుచుకుని, టీ తాగి వస్తానని పోయాడు. అతను తాగడని నాకు తెలుసు.

చుప్. పెట్టె పీలుస్తోంది. ఇప్పుడు ఏ అరలో ఉందో ఆ ద్రవం. ఇప్పుడు వేడి చేస్తుంది, చల్లార్చుతుంది, మళ్ళీ వేడి చేస్తుంది, ఒక జన్యు పోగును రెండు చేస్తుంది, రెండును నాలుగు. పిల్లల వార్డు పుల్లలన్నీ వరసగా పెట్టాను, ఒక్కొక్కదాని పరీక్ష పట్టీ మీద గీత కోసం చూస్తున్నాను, ఫ్లూ, ఫ్లూ, కాదు, ఫ్లూ. కారణం వెతకడమంటే ఇదే అనుకునేదాన్ని, గీత పడితే ఉంది, పడకపోతే లేదు. ఎక్కడ నుంచి వచ్చిందని అడగడం మొదలుపెడితే గీతలుండవు, మనుషులుంటారు. ఒక మనిషి ముక్కులోంచి ఇంకో మనిషి చేతికి, చేతి నుంచి చెక్కకి, చెక్క నుంచి పెదాలకి. వద్దంటున్నా వేలు తిన్నగా పోయి ఆ ముసలామె దగ్గర ఆగుతోంది. గోడ పక్క వరస. ఆ వరస నాడెలన్నీ ఆమె నోటి మీదుగా పోయాయి. ఆమెకి గుక్క ఉంది గనక. మాకు లేదు గనక. "ఏమే కాలేజీ," అంటోంది స్టూలు మీద నుంచి, మూతి నీలంగా, కాళ్ళు ఊపుతూ, "నన్ను రాస్తావా ఇప్పుడన్నా మీ పుస్తకంలో?" ఇలా రాయాలా నిన్ను, పెద్దమ్మా? మూలం అని, వ్యాప్తి కేంద్రం అని, ఆ మాటలు నాకు నోటికొచ్చు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. నీ మీద రాద్దామన్నా, అంటించింది నువ్వేనని నాకే తెలియదు. నీ గొంతులోంచి ఎవరూ ఏమీ తీయలేదు. ఏ వరసలో ఎవరి నాడె మీద నుంచి అది నీకు ఎక్కిందో ఎవరూ చెప్పలేరు. నువ్వు ఇచ్చావో, నీకు ఇచ్చారో. "నాకేం ఇచ్చారే ఎవరైనా ఎప్పుడైనా," అంటుంది. అంటుంది కచ్చితంగా. తల పక్కకి తిప్పి నలక ఉమ్మినట్టు ఉమ్మి అంటుంది. టెక్నీషియనమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, అది ఖాళీ సీసా, ఇందాకటి నుంచి కడుగుతున్నావు" అంది. కుళాయి కట్టేశాను. చేతులు చల్లబడి ఉన్నాయి.

పెట్టె ఆగిపోయింది. చుప్ లేదు. అన్ని యంత్రాలూ ఆగిపోయినప్పుడు షెడ్డులో వచ్చే నిశ్శబ్దం ఉంటుందే, చెవులు నొప్పెట్టే నిశ్శబ్దం, అది. తెర మీద వరసలు తెరుచుకున్నాయి. కళ్ళు పైనుంచి కిందికి రాకుండా నేరుగా అక్కడికే పోయాయి. ఫ్లూ ఉంది. స్టాఫిలోకాకస్ ఉంది, విస్తారంగా. మామూలు మందుకు లొంగకుండా చేసే జన్యువు, ఉంది. మళ్ళీ చదివాను. పేరు చదివాను, మంచం నంబరు చదివాను. వార్డు డాక్టరుకి ఫోన్ చేశాను, ఉద్యోగం గొంతుతో.

"లొంగని రకమే సర్."

"సరే. పెద్ద మందు ఇప్పుడే మొదలుపెడుతున్నాను. కిడ్నీలను కనిపెట్టుకుని ఉంటాం. ఆ షెడ్డు నుంచి ఇంకెవరైనా ఆయాసంతో వస్తే..."

"చెబుతున్నాను సర్, వాళ్ళ ఫిట్టరు ఇక్కడే ఉన్నాడు."

బావని వెతకనక్కర్లేదు, కిటికీ పక్క గోడకు ఆనుకుని ఉన్నాడు. టీకి పోలేదు. చెప్పాను. అక్కకి మందు మారుస్తున్నారని, పట్టుకుంటుందో లేదో రెండు మూడు రోజులు గడిస్తే గానీ తెలియదని. గోడ పక్క వరస వాళ్ళలో ఆయాసం ఉన్న ప్రతి ఒక్కరినీ ఈ సాయంత్రమే తీసుకురమ్మని. నాడెలన్నీ వేడినీళ్ళలో సబ్బుతో కడగమని, దారం లాగడానికి సన్న తీగతో కొక్కేలు చేయమని, ఇక ఎవ్వరూ, గుక్క ఉన్నా లేకపోయినా, నోరు పెట్టొద్దని. ఫిట్టరు కదా, తీగ అనగానే అతని వేళ్ళు గాలిలోనే వంచి చూసుకున్నాయి ఎంత కొస కావాలో. వెళ్ళబోయి ఆగాడు.

"అయితే ముసల్దేనా అంటించింది?"

కోపం లేదు అతని గొంతులో. నిజం కావాలి అంతే. షెడ్డుకి వెళితే అందరూ ఇదే అడుగుతారు. ఇతను ఏం చెబితే అదే ఆమె పేరు అయిపోతుంది ఇక.

"తెలియదు బావా. ఆమెను ఎవరూ పరీక్ష చేయలేదు. వరసలో ఎవరి దగ్గర నుంచైనా ఆమెకే వచ్చి ఉండవచ్చు." తర్వాత, ఎందుకు అడిగానో నాకే తెలియదు, "అక్కని ఎలా తీసుకురావాలనిపించింది నీకు? జ్వరమే కదా అనుకోలేదా?"

"అనుకున్నాను. పడుకోబెట్టాను కూడా. పొద్దున చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. తడి గుడ్డ పెట్టి తుడిచాను. పోలేదు. రంగు కాదే, దీనికి రంగెలా వస్తుంది, ఇది దారం లాగట్లేదు కదా, పెద్దమ్మ కదా లాగుతోంది, అనుకున్నాను. అప్పుడు భయమేసి బండి ఎక్కించాను."

తను చెప్పింది తనకే వినపడినట్టు ఆగిపోయాడు. పెద్దమ్మ లాగబట్టే అక్క పెదాలకి రంగు ఎక్కలేదు, ఎక్కలేదు గనకే ఆ నీలం అతనికి కనపడింది. ఆ తర్వాత బావ తలకి గుడ్డ చుట్టుకుని, "కొక్కేలు చేయించొస్తా" అని మెట్లు దిగాడు.

నా రిపోర్టు నేను రాశాను. రోగి, వయసు, వార్డు, నమూనా కఫం, నాణ్యత మంచిది, దొరికినవి ఇవి, లొంగని మందులు ఇవి. కింద సంతకం పెట్టాను. ఊహలు రాయడానికి అందులో చోటు లేదు, ఉండకూడదు కూడా, అలాగే నేర్పారు, సరిగ్గానే నేర్పారు. పరీక్ష చేయని మనిషి పేరు రిపోర్టులో ఎక్కదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఆమెకి పిల్లలు లేరు, ఫొటో కూడా ఉన్నట్టు లేదు. షెడ్డులో ఎవరైనా రేపు ఆమె గురించి ఇంకోలా అనవచ్చు, మీ దాకా ఆ మాట రావచ్చు. వచ్చినా సరే, అందరికీ గుక్క చాలని రోజుల్లో తన గుక్క పెట్టి ఆ వరస మగ్గాలన్నీ నడిపిన ముసలామె ఒకామె ఉండేదని, ఆమెను దమ్ము పెద్దమ్మ అనేవాళ్ళని, దయచేసి గుర్తుపెట్టుకోండి.